ప్రాసెసర్‌కు టేపు ఎక్కడుంది?

చి. మాధవికి,

నీ వ్యాసం చదివాను. మెమరీకి హద్దుంది కాబట్టి నిజమైన ప్రాసెసర్ ఏదీ ట్యూరింగ్ కంప్లీట్ (అంటే గణితవేత్త ట్యూరింగ్ ఊహించిన, అంతులేని టేపున్న యంత్రం చేయగల లెక్కలన్నీ చేయగలిగేది) కాదని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. తీర్పులో తప్పు లేదు. కానీ అక్కడే తేల్చేస్తే పాఠకుడు తక్కిన పేజీలు ఎందుకు తిప్పాలి?

ముందు ఆ హద్దు ఎంతటిదో చూపించు. రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గడులను) పక్కనపెట్టి ఒక్క కిలోబైటు మెమరీ తీసుకో. 8192 బిట్లు. వాటికి సాధ్యమైన స్థితుల సంఖ్య కాగితం మీద రాస్తే 2467 అంకెలు. బయటినుంచి ఇన్‌పుట్ ఏదీ రాకపోతే, ఆగకుండా నడిచే యంత్రం ఎప్పుడో ఒకప్పుడు పాత స్థితికి వచ్చి తీరాలి. వచ్చిందా, ఇక గానుగెద్దే. అంటే ఆగుతుందో ఆగదో సూత్రప్రాయంగా తేల్చవచ్చు. తన యంత్రాల విషయంలో ఇలాంటి ప్రశ్నను తేల్చే పద్ధతే ఉండదని ట్యూరింగ్ 1936లో నిరూపించాడు. తేడా అంతా ఇక్కడే ఉంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. పైగా ‘సూత్రప్రాయంగా’ అన్నాం కదా, అన్ని స్థితులు ఒక్కొక్కటే చూడటానికి విశ్వం వయసు కూడా చాలదు. అదీ రాయి.

ఇంకో సంగతి. ట్యూరింగ్ యంత్రంలోనూ టేపు వేరు, దాన్ని చదివి రాసే కంట్రోల్ వేరు. ఆ కంట్రోల్‌కు ఉన్నవి పరిమిత స్థితులే. మన ప్రాసెసర్‌ది ఆ స్థానం. దాన్ని పట్టుకుని నీకు అనంతమైన టేపు లేదేమని నిలదీయడం అన్యాయం. 64 బిట్ల అడ్రసుతో మహా అయితే 16 ఎక్సాబైట్లు అందుతాయి, నిజమే. అదే ‘ఒక గడి ఎడమకు, ఒక గడి కుడికి’ అంటే కదిలే పరికరాన్ని బయట తగిలిస్తే అడ్రసుతో పనే లేదు. టేపు అయిపోవచ్చినప్పుడల్లా ఇంకాస్త అతికించేవాళ్లుంటే చాలు. ఏ క్షణాన చూసినా వాడిన టేపు పరిమితమే.

ఎక్స్86 ప్రాసెసర్లలో డేటాను ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరవేసే ‘మూవ్’ ఆదేశం ఒక్కటే ట్యూరింగ్ కంప్లీట్ కావడానికి చాలని 2013లో స్టీఫెన్ డోలన్ చూపించింది ముచ్చటగా చెప్పావు. ప్రోగ్రామ్ మళ్లీ మొదటికి వెళ్లడానికి ఒక జంప్ ఆదేశం కావాలన్నది మాత్రం వదిలేశావు, చేర్చు. అయినా అది ఇన్‌స్ట్రక్షన్ సెట్ (ప్రాసెసర్‌కు ఇవ్వగల ఆదేశాల జాబితా) సంగతి, చేతిలో ఉన్న చిప్ సంగతి కాదు. నీ వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయాయి. ఏ పేరాలో దేని గురించి అడుగుతున్నావో పాఠకుడికి తెలియాలి. సి భాషలో పాయింటర్ల (మెమరీ అడ్రసులను దాచే విలువల) సైజుకు హద్దుందన్న గొడవ రెండు వాక్యాలకు కుదించు, అది ప్లీడర్ల వాదన.

‘సాంకేతికంగా చూస్తే’ అన్నది కనబడ్డ చోటల్లా కొట్టెయ్. శీర్షికలో ‘కాదు’ తీసేసి ప్రశ్నగానే ఉంచి, మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు