గడియారం సరిగ్గానే ఉంది, మెయిళ్ల సమయమే రెండు గంటలు తేడా

కొత్తగా వచ్చే మెయిళ్లన్నీ రెండు గంటల క్రితమే వచ్చినట్టు కనిపిస్తున్నాయని, కంప్యూటర్ గడియారం మాత్రం సరైన సమయమే చూపుతోందని రాశారు. ఆ రెండో మాటే నాకు అనుమానం కలిగించింది. ఇదే చిక్కులో నేను మూడు వారాలు తిరిగాను. తప్పంతా మెయిల్ ప్రోగ్రామ్‌దేనని దాన్ని రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను కూడా. పాపం, దాని తప్పేమీ లేదు.

నా నిర్వాకం ఇది. కంప్యూటర్‌ను కొత్తగా సిద్ధం చేసినప్పుడు టైమ్‌జోన్ యూటీసీగా, అంటే ప్రపంచమంతా కొలమానంగా తీసుకునే ఉమ్మడి సమయంగా, ఉండిపోయింది. నేనున్న చోటి సమయం దానికంటే రెండు గంటలు ముందు. గడియారం వెనకబడి కనిపించగానే జోన్ సంగతి చూడకుండా, సమయాన్ని తానే సరిచూసుకునే ఏర్పాటును ఆపి మరీ, చేత్తో రెండు గంటలు ముందుకు జరిపాను. తెరమీద అంకె సరిపోయింది. లోపల లెక్క తప్పింది.

మెయిల్ హెడర్‌లోని, అంటే ప్రతి మెయిల్‌కూ పైన దాగి ఉండే వివరాల్లోని, తేదీ వరుసలో సమయం పక్కనే యూటీసీతో ఉన్న తేడా కూడా ఉంటుంది. 15:00 +0200 అంటే యూటీసీలో 13:00. మూడింటికి మిత్రుడు పంపిన మెయిల్‌ను యూటీసీలో ఉన్నాననుకునే నా కంప్యూటర్ ఒంటిగంటదిగా చూపేది. అదే క్షణంలో నేను పంపితే 15:00 +0000 అని ముద్రపడేది, అవతలివారికి అది అయిదు గంటల మెయిల్. ఇంకా రాని సాయంత్రం నుంచి జవాబులు రాస్తున్నావని ఒక సహోద్యోగి ఎగతాళి చేసేదాకా ఈ రెండో సగం నాకు తెలియనే లేదు. నేను పంపినవి నా తెరమీద బాగానే కనిపించేవి మరి.

కాబట్టి ముందు టైమ్‌జోన్ చూడండి. దాన్ని మార్చగానే గడియారం రెండు గంటలు ముందుకు దూకితే జబ్బు అదేనన్నమాట. ఇంటర్నెట్ నుంచి సమయం తీసుకునే ఏర్పాటును ఆన్ చేస్తే అదే వెనక్కి వస్తుంది. తర్వాత మెయిల్ ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి తెరవండి.

జోన్ సరిగ్గానే ఉండి, మీరు వాడేది థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ అయితే, గోప్యత కోసం ‘రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ అనే సెట్టింగును ఎప్పుడైనా ఆన్ చేశారేమో చూడండి. అది ఉంటే సమయాలన్నీ యూటీసీలోనే కనిపిస్తాయి. విండోస్, లినక్స్ రెండూ ఒకే యంత్రంలో ఉన్నా తకరారే: మదర్‌బోర్డు గడియారాన్ని మొదటిది స్థానిక సమయంగా, రెండోది సాధారణంగా యూటీసీగా చదువుతాయి.

ఒకే మనిషి మెయిళ్లు తేడాగా ఉంటే మాత్రం మీ వైపు వెతకడం దండగ. ‘డేట్’ వరుసను రాసేది సాధారణంగా పంపినవారి కంప్యూటరే. మెయిల్ సోర్స్ (హెడర్‌తో సహా మెయిల్ ముడి రూపం) తెరిచి ‘రిసీవ్డ్’ వరుసలు చూడండి, అవి దారిలోని సర్వర్లు వేసిన ముద్రలు. అన్నిటికంటే పైన ఉన్నది మీ సర్వర్ వేసినది, నేను నమ్మేది దాన్నే. అలాంటివారి మెయిళ్లు జాబితాలో ఎక్కడో ఇరుక్కుపోకుండా, పంపిన సమయం బదులు అందిన సమయం ప్రకారం వరుస పెట్టుకోవచ్చు.

సరిచేశాక, వచ్చిన పాత మెయిళ్లు వాటంతట అవే కుదురుకుంటాయి, ఎందుకంటే తెరమీది సమయం ఎప్పటికప్పుడు లెక్కగట్టేదే. పంపినవాటికి ఆ అదృష్టం లేదు, తప్పు ముద్ర వాటి లోపలే ఉంది. నా పంపిన మెయిళ్లలో ఆ మూడు వారాలవి ఇప్పటికీ అసలు సమయం కంటే రెండు గంటల తర్వాత పంపినట్టే ఉన్నాయి. కొన్ని సంభాషణల్లో ప్రశ్న కంటే ముందే వివరణ వచ్చినట్టు, ధన్యవాదాల తర్వాత సహాయం అందినట్టు కనిపిస్తుంది. వాటిని అలాగే వదిలేశాను.