తెర మీద పాఠం: ఉపాధ్యాయుల ప్రశ్నలు, మా జవాబులు

ప్యానెల్, తెలుగు టైపింగు, పరీక్షలు, కృత్రిమ మేధ. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మందికి పనికొచ్చేవి తీసుకున్నాం. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట వాటిని కలిపేశాం.

మా ఉన్నత పాఠశాలకు నాడు–నేడు కింద ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, వేలితో తాకి పనిచేయించే పెద్ద తెర) వచ్చింది. నా ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే బొమ్మ, శబ్దం వస్తున్నాయి కానీ ప్యానెల్ మీద వేలు పెడితే ఏమీ కదలడం లేదు. ల్యాప్‌టాప్ తీసేసి ప్యానెల్ మీదే రాస్తే, ఉదయం పూట మాత్రం గీతలు వాటంతటవే పడుతున్నాయి. ప్యానెల్ పాడైందా?
*– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నర్సీపట్నం*

పాడైందని అప్పుడే అనుకోకండి మాస్టారూ. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు, రెండూ మీరే సరిచేసుకోగలిగినవి.

మొదటిది కేబుల్ సంగతి. హెచ్‌డీఎంఐ మోసేది బొమ్మనీ శబ్దాన్నీ మాత్రమే. మీరు తెర మీద ఎక్కడ తాకారో ల్యాప్‌టాప్‌కు తెలియాలంటే ఇంకో యూఎస్‌బీ కేబుల్ కావాలి. దాని ఒక కొస మామూలు యూఎస్‌బీ, అది ల్యాప్‌టాప్‌కు. రెండో కొస చదరంగా, ప్రింటర్ కేబుల్‌కు ఉన్నట్టే ఉంటుంది, అది ప్యానెల్‌కు. ప్యానెల్ పక్కన హెచ్‌డీఎంఐ రంధ్రం దగ్గరే ‘టచ్’ అని రాసిన చదరపు రంధ్రం కనిపిస్తుంది. రెండు మూడు హెచ్‌డీఎంఐలు ఉన్న ప్యానెల్‌లో ఏ హెచ్‌డీఎంఐకి ఏ టచ్ జతో అంకెలు చూసి పెట్టండి. జత తప్పినా వేలు పనిచేయదు. ఈ కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. బల్ల దూరంగా ఉందని మామూలు పొడవాటి కేబుల్ కొంటే టచ్ వస్తూ పోతూ ఉంటుంది.

కేబుల్ పెట్టాక ప్యానెల్ మీద తాకితే బాణం ల్యాప్‌టాప్ తెర మీద కదులుతోందా? అంటే విండోస్ మీ రెండు తెరలనూ పక్కపక్కన పరిచిన ఒకే తెరగా లెక్కేస్తోంది. విండోస్ కీ, పీ కలిపి నొక్కి ‘డూప్లికేట్’ ఎంచుకుంటే చాలా వరకు సర్దుకుంటుంది. కాకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో ‘ట్యాబ్లెట్ పీసీ సెట్టింగ్స్’ తెరిచి, ‘సెటప్’ నొక్కి, అడిగినప్పుడు ప్యానెల్‌నే తాకండి. ప్యానెల్ వెనక గూటిలో విండోస్ కంప్యూటర్, అంటే ఓపీఎస్, ఉంటే ఈ కేబుళ్ల గొడవే లేదు.

ఇక వాటంతటవే పడే గీతలు. బడులకు వచ్చే ప్యానెళ్లలో ఎక్కువ భాగం పరారుణ కిరణాలతో వేలిని పసిగట్టేవే. చట్రం లోపలి అంచు వెంట ఒకవైపు కిరణాలు పంపే దీపాలు, ఎదురుగా వాటిని అందుకునే సెన్సార్లు ఉంటాయి. మధ్యలో ఏది అడ్డొచ్చినా దానికి వేలే. పక్కనే నల్లబల్ల ఉంటే సుద్దపొడి కింది అంచులో పేరుకుని కిరణాలను ఆపేస్తుంది. మీది ఉదయం పూట సమస్య కాబట్టి ఇంకో కారణం కూడా చూడాలి: తూర్పు కిటికీ లోంచి ఎండ నేరుగా చట్రం మీద పడుతుంటే, ఎండలోనూ పరారుణం ఉంటుంది కాబట్టి సెన్సార్లు తికమకపడతాయి. ముందు ఆ కిటికీకి తెర వేసి చూడండి. తర్వాత ప్యానెల్‌ను పూర్తిగా ఆపి, మెత్తని పొడి గుడ్డతో నాలుగు లోపలి అంచులూ తుడవండి. నీళ్లు, స్ప్రే నేరుగా కొట్టొద్దు. డస్టరును ప్యానెల్ పక్కన దులపకుండా పిల్లలకు చెప్పండి. రాసేటప్పుడు చీర కొంగు, చొక్కా చెయ్యి అంచును తాకినా అది రెండో వేలే అవుతుంది.

ఒక్క మాట అదనంగా. గోడ స్విచ్ కట్టేసి ప్యానెల్ ఆపే అలవాటు చాలా బడుల్లో ఉంది. ఓపీఎస్‌లో విండోస్ ఉన్నప్పుడు అలా చేస్తే ఒకరోజు అది తెరుచుకోదు. మెనూలోంచి ఆపాకే స్విచ్ కట్టాలి.

ఇంట్లో అను ఫాంట్లలో టైపు చేసిన ప్రశ్నపత్రం బడి కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు వస్తున్నాయి. స్లైడ్లలో అయితే అక్షరాలు వస్తున్నా వరసలు చెదిరిపోతున్నాయి.
*– తెలుగు పండితురాలు, సూర్యాపేట*

అను ఫైలులో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు మేడమ్. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలే ఉంటాయి, ఆ ఫాంటు వాటిని తెలుగు రూపంలో చూపిస్తుంది. ఫాంటు లేనిచోట అసలు సంకేతాలు బయటపడతాయి. అచ్చుకు ఇచ్చే పని వరకు అనుతో ఇబ్బంది లేదు. తెర మీద చూపేది, వాట్సాప్‌లో పంపేది, గూగుల్‌లో వెతకాల్సింది ఏదైనా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే సంకేత పద్ధతిలోనే, టైపు చేయాలి.

విండోస్ 10, 11లలో కొనాల్సిందేమీ లేదు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ తెరిచి, భాషల్లో తెలుగు చేర్చి, కీబోర్డుగా ‘తెలుగు ఫోనెటిక్’ ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. వేళ్లు నడవకపోతే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి ‘టూల్స్’లో ‘వాయిస్ టైపింగ్’ పెట్టి, భాష తెలుగు ఎంచుకుని చదువుతూ పొండి. విరామచిహ్నాలు తర్వాత మీరు పెట్టుకోవాలి. పాత అను పత్రాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒత్తులు, ‘క్ష’, ‘ఋ’ ఉన్న మాటలు తప్పకుండా ఒకసారి చదవండి.

వరసలు చెదరడానికి కారణం వేరు. మీరు వాడిన ఫాంటు అక్కడ లేకపోతే కంప్యూటర్ వేరేది పెడుతుంది, వెడల్పు మారి మాట కింది వరసకు జారుతుంది. చాలామంది వాడే గౌతమి ఇప్పటి విండోస్‌లో ముందే ఉండదు, ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అని విడిగా వేసుకోవాలి. నిర్మల యూఐ మాత్రం విండోస్ 8 నుంచీ దానితోనే వస్తోంది, స్లైడ్లకు అదే నిశ్చింత. ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్‌లో చూపించాలంటే పీడీఎఫ్‌గా సేవ్ చేసి తీసుకెళ్లండి. కదిలే బొమ్మలు పోతాయి, అక్షరం మాత్రం చెదరదు.

తరగతిలో 38 మంది. ఎవరి దగ్గరా ఫోను ఉండదు, ఉండకూడదు కూడా. ప్రశ్న అడిగితే ముందు బెంచీల వాళ్లే చెబుతారు. అందరి జవాబూ తెలుసుకునే సాధనం ఏదైనా ఉందా?
*– గణిత ఉపాధ్యాయురాలు, ఆదోని*

ఉంది, పైగా ఒక్క మీ ఫోను చాలు. ప్లికర్స్ అనే యాప్. సాధనాల గురించి అడిగేవారికి మేము ముందుగా చెప్పేది దీని గురించే, ఎందుకంటే వెనక బెంచీ పిల్లవాడి జవాబు కూడా ఇందులో లెక్కకు వస్తుంది.

వారి వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి 40 కార్డుల సెట్టును ప్రింటు తీయండి. పేజీకి రెండు చొప్పున 20 కాగితాలు. 40 దాటిన తరగతులకు 63 కార్డుల సెట్టు ఉంది. ఒక్కో కార్డు మీద నల్లటి గడుల బొమ్మ, దాని నాలుగు వైపులా చిన్నగా ఏ, బీ, సీ, డీ ఉంటాయి. ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. హాజరు పట్టీ వరసలో ఒకటో నంబరు అమ్మాయికి ఒకటో కార్డు, అలా ఏడాదంతా మారకుండా ఇవ్వండి. ప్రశ్న తెర మీదైనా నల్లబల్ల మీదైనా వేయండి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు ఎత్తి పట్టుకుంటారు. మీరు ఫోను కెమెరాను తరగతి మీదుగా మెల్లగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. అక్షరాలు చిన్నవి, బొమ్మలు వేరు, కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం.

తప్పులు జరిగేది ఈ చోట్ల. మెరిసే ల్యామినేషన్ చేస్తే ట్యూబులైటు వెలుగు తగిలి కెమెరాకు బొమ్మ కనపడదు, అట్టముక్కకు అంటించడమే మేలు. పిల్లల వేళ్లు నల్లగడుల మీద పడకూడదు, తెల్లటి అంచు పట్టుకోవాలని మొదటి రోజే సాధన చేయించండి. పిల్లల వెనక కిటికీ ఉంటే కార్డులు నీడలో పడతాయి, మీరే కిటికీ వైపు నిలబడండి. ఫోనుకు డేటా ఉండాలి. ఉచిత ఖాతాలో ఒక్కో ప్రశ్నల సెట్టుకు 5 ప్రశ్నలే. ఒక పీరియడ్‌కు అంతకన్నా అక్కర్లేదు కూడా.

అసలు పని ప్రశ్న రాయడంలో ఉంది. ½ + ⅓ ఎంత అని అడిగి ఏవో మూడు తప్పు అంకెలు పెడితే మీకు తెలిసేది ఏమీ లేదు. ఏ: 2/5, బీ: 5/6, సీ: 2/6, డీ: 1/5 అని పెట్టి చూడండి. 2/5 అన్నవారు పైవీ పైవీ, కిందివీ కిందివీ కూడేశారు. 2/6 అన్నవారికి ఉమ్మడి హారం తెలుసు, లవాలను మార్చాలని తెలియదు. 1/5 అన్నవారు పైన గుణించి కింద కూడారు. వీరికి మళ్లీ చెప్పాల్సిన పాఠం ఒకటి కాదు. 2/6 వాళ్లకు ఒక్క మెట్టు చూపిస్తే చాలు, 2/5 వాళ్లకు కాగితం మడిచి సగం, మూడో వంతు చేతికిచ్చి చూపించాలి.

సరైన జవాబు మూడో వంతు కన్నా తక్కువ మంది చెబితే పాఠం మళ్లీ చెప్పండి. దాదాపు అందరూ చెబితే ముందుకెళ్లండి. మధ్యలో ఉంటే జవాబు బయటపెట్టకుండా, ‘పక్కవాళ్లకు మీ జవాబు ఎందుకు సరైనదో చెప్పి ఒప్పించండి’ అని రెండు నిమిషాలిచ్చి కార్డులు మళ్లీ ఎత్తించండి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కార్డుల అసలు విలువ ఆ రెండు నిమిషాల మాటల్లో తెలుస్తుంది.

గూగుల్ ఫామ్‌తో యూనిట్ టెస్టు పెట్టాను. జవాబు సరిగ్గా రాసినవారికీ సున్నా వచ్చింది. అన్నాచెల్లెళ్లలో ఒకరిదే తీసుకుంది, రెండోవారిది తీసుకోలేదు.
*– జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, జనగామ*

చిన్న జవాబు ప్రశ్నను ఫామ్ అర్థం చేసుకోదు, మీరిచ్చిన మాటతో అక్షరం అక్షరం పోల్చుతుంది. మీరు ‘కిరణజన్య సంయోగక్రియ’ అని ఇస్తే మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాసినవారిది తప్పవుతుంది. ‘గ్లూకోజ్’, ‘గ్లూకోజు’ దానికి వేర్వేరు. కంటికి ఒకేలా కనిపించే మాటలు కూడా లోపల తేడాగా ఉండొచ్చు: పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు కనపడని గుర్తు ఒకటి పెడతాయి. అందుకే తెలుగులో వీలైనంత వరకు బహుళైచ్ఛిక ప్రశ్నలే పెట్టండి. తప్పనిసరైతే అన్ని రూపాలూ సరైన జవాబులుగా చేర్చండి. సెట్టింగ్స్‌లో మార్కులు ‘తర్వాత, పరిశీలించాక’ విడుదల అయ్యేలా పెట్టండి. ఇప్పటికే జరిగిన పరీక్షకు ‘రెస్పాన్సెస్’లో ‘క్వశ్చన్’ వరసకు వెళ్తే ఒకేలాంటి జవాబులు గుంపుగా కనిపిస్తాయి, గుంపుకు ఒకసారి టిక్ పెడితే అందరికీ మార్కు పడుతుంది.

రెండోది, ‘ఒక్కరికి ఒకే జవాబు’ అనే నిబంధన. అది గూగుల్ ఖాతాను చూస్తుంది. నాన్న ఫోనులో ఇద్దరు రాస్తే రెండోవారికి దారి మూసుకుంటుంది. దాన్ని తీసేసి, పేరును టైపు చేయించకుండా రోల్ నంబరును జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి.

నాకు 56 ఏళ్లు. ఒకటి నుంచి ఐదు వరకు చెబుతాను. ఇవన్నీ ఇప్పుడు నేర్చుకోవాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
*– ఎస్‌జీటీ, పాడేరు*

అన్నీ అక్కర్లేదమ్మా. దీక్షా యాప్ ఒక్కటితో మొదలుపెట్టండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను యాప్‌లో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. జిరాక్సు కాగితం మీదో నలిగిన పేజీ మీదో కోడ్ స్కాన్ కాకపోతే దాని కింద ఆరు అక్షరాల సంకేతం ఉంటుంది, అది టైపు చేస్తే చాలు. సిగ్నల్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో నెట్ లేకుండానే నడుస్తుంది. వీడియో మొత్తం ఒకేసారి వేయకండి. ఒక నిమిషం వేసి ఆపి, ‘తర్వాత ఏమవుతుంది?’ అని అడిగి మళ్లీ వేయండి. ఎప్పుడు ఆపాలో మీ అనుభవానికి తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

నెట్ ఉంటేనే ఫెట్ ప్రయోగాలు (కంప్యూటర్ తెర మీద చేసి చూపే ప్రయోగాలు) చూపగలుగుతున్నాను. వేరే దారి ఉందా?
*– బోధన్*

కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో హెచ్‌టీఎంఎల్5 అని ఉన్నవాటి పేజీలో డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. ఒక్కో ప్రయోగం ఒక్కో ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి క్రోమ్‌లో తెరిస్తే నెట్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఖాళీ తెర వస్తే అది వేరే వ్యూయర్‌లో తెరుచుకున్నట్టు, క్రోమ్ ఎంచుకోండి. ఫ్లాష్‌లో చేసిన పాతవాటిని వదిలేయండి, 2020 చివరితో ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోయింది.

విద్యుత్ వలయాల కిట్‌లో 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల నిరోధం కలిపితే అమ్మీటరు 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. నిరోధం 20 చేసే ముందు పిల్లలందరి చేతా అంచనా నోటుబుక్కులో రాయించి, ఆ తర్వాతే మీట జరపండి. 0.45 చూశాక ఎవరి అంచనా ఎందుకు తప్పిందో వాళ్లే చెబుతారు. బ్యాటరీ, బల్బు, వైర్లు బడిలో ఉంటే మాత్రం ముందు అవే పిల్లల చేతికివ్వండి.

చాట్‌జీపీటీతోనో జెమినీతోనో ప్రశ్నపత్రం తయారుచేయవచ్చా?
*– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, తణుకు*

చిత్తుప్రతి వరకు చేయవచ్చు. తరగతి, పాఠం పేరు చెప్పి ఊరుకోకుండా పాఠంలోని పేరాలనే అందులో పెట్టి, ‘ఈ భాగం నుంచి మాత్రమే, నాలుగు ఐచ్ఛికాలతో, ఒక్కో తప్పు జవాబు పిల్లలు ఏ పొరపాటు వల్ల ఎంచుకుంటారో కూడా రాయి’ అని అడగండి. ప్రతి లెక్కనూ మీరే చేసి చూడండి. తప్పు జవాబును కూడా అది తడబాటు లేకుండా ఇస్తుంది. మన పుస్తకంలోని పదాలే వాడిందో లేదో చూడండి. పుస్తకంలో ‘వడి’ అని ఉన్నచోట అది ‘వేగం’ అని రాస్తే భౌతికశాస్త్రంలో ప్రశ్నే మారిపోతుంది.

పిల్లల పేర్లు, మార్కుల జాబితాలు, ఫొటోలు అందులో పెట్టకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి కావాలంటుంది. మార్కులను విశ్లేషించాలంటే పేర్ల వరస తీసేసి ఒకటి, రెండు అని నంబర్లు పెట్టుకుని ఎక్సెల్‌లోనే చేసుకోండి. ఏ ప్రశ్నకు ఎంతమంది తప్పారో చెప్పడానికి ‘కౌంట్‌ఇఫ్’ సూత్రం సరిపోతుంది.