ఏ వైరు ఎక్కడ గుచ్చాలి? గేమ్ కన్సోళ్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి తన పాత ప్లేస్టేషన్ 2 తెచ్చాడు. మా కొత్త టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు లేవు. మూడు హెచ్‌డీఎంఐలు, ‘ఏవీ ఇన్’ అని రాసిన ఇయర్‌ఫోన్ కన్నం లాంటిది ఒకటి ఉన్నాయి. చవగ్గా దొరికే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ డబ్బా పెడితే బొమ్మ అలికినట్టు వస్తోంది. ఏ కేబుల్ కొనాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కేబుల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కన్సోల్ మీద అంటించిన లేబుల్ చదవండి. అమెరికాలో అమ్మిన లావుపాటి మోడల్ అయితే 120 వోల్టులని మాత్రమే ఉంటుంది. దాన్ని మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 100 వాట్లకు తగ్గనిది కావాలి. అడాప్టర్ బయట ఉండే సన్న మోడల్ అయితే అడాప్టర్ మీద చూడండి. 100–240 అని ఉంటే పిన్ను మార్చే చిన్న ప్లగ్ చాలు.

ఇక బొమ్మ సంగతి. పసుపు పిన్ను వెలుగునీ రంగునీ ఒకే తీగలో కలిపి పంపుతుంది. కలిపినదాన్ని టీవీ మళ్లీ విడదీసుకోవాలి. అక్కడే అక్షరాల అంచుల్లో రంగు కారుతుంది, చుక్కలు పాకుతాయి. మీ డబ్బా ఆ అలికిన బొమ్మనే సాగదీసి హెచ్‌డీఎంఐలో పోస్తోంది, అంతే. ఇంకో డబ్బా కొన్నా ఇదే తంతు. వదిలించుకోవాల్సింది పసుపు పిన్నుని.

ప్లేస్టేషన్ 2 వెనక ‘ఏవీ మల్టీ అవుట్’ సాకెట్లోంచి కాంపోనెంట్ వీడియో కూడా వస్తుంది. ఆకుపచ్చ తీగలో వెలుగు, నీలం, ఎరుపు తీగల్లో రంగులు విడివిడిగా వెళ్తాయి. సౌండుకి ఇంకో ఎరుపు, ఒక తెలుపు. మొత్తం 5 పిన్నులు. ఆ 5 సాకెట్లూ ఉన్న టీవీ అయితే ఈ కేబులే వాడమంటాం. (ఇలాంటి టీవీ ఉన్నవారికి ఒక మాట: రెండు ఎరుపులూ ఒకేలా ఉంటాయి. ఆకుపచ్చ, నీలంతో కలిసి వచ్చేది బొమ్మది, తెలుపుతో జంటగా వచ్చేది సౌండుది. తారుమారైతే మనుషుల ముఖాలు పచ్చగా కనిపిస్తాయి, ఒక స్పీకరు గుర్రుమంటుంది.) మీ టీవీకి అవి లేవు కాబట్టి, మల్టీ అవుట్లో నేరుగా గుచ్చుకునే ‘పీఎస్2 టు హెచ్‌డీఎంఐ’ అడాప్టర్ కొనండి. అది పసుపు తీగ జోలికి పోకుండా కాంపోనెంట్ సిగ్నల్నే తీసుకుంటుంది. దాని యూఎస్‌బీ వైరును కన్సోల్ ముందున్న యూఎస్‌బీలో పెడితే కరెంటు అందుతుంది.

వరస తప్పొద్దు. ముందు పాత పసుపు పిన్నుతోనే, డిస్క్ వేయకుండా ఆన్ చేయండి. సిస్టమ్ కాన్ఫిగరేషన్లోకి వెళ్లి ‘కాంపోనెంట్ వీడియో అవుట్’ను ఆర్‌జీబీ నుంచి ‘వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్’కి మార్చండి. అప్పుడు ఆఫ్ చేసి అడాప్టర్ గుచ్చండి. ఈ మార్పు చేయకుండా గుచ్చితే చాలా అడాప్టర్లలో రంగులు తప్పి, మార్చుకుందామంటే మెనూ కూడా సరిగా కనబడదు.

గేము అనుమతిస్తే బొమ్మ ఇంకొంచెం తేరుకుంటుంది. గ్రాన్ టురిస్మో 4 అమెరికా డిస్కులో 480పీ, 1080ఐ అనే మరింత స్పష్టమైన బొమ్మ ఆప్షన్లు ఉన్నాయి. కొన్ని గేముల్లో మొదలయ్యేటప్పుడు త్రిభుజం, ఎక్స్ బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే 480పీ అడుగుతుంది. ప్లేస్టేషన్ 1 డిస్క్ వేసినప్పుడు ‘నో సిగ్నల్’ వస్తే అడాప్టర్ పాడైందనుకోకండి. ఆ గేముల్లో చాలావరకు 240 గీతల బొమ్మ పంపుతాయి, దాన్ని కొత్త టీవీల హెచ్‌డీఎంఐ తరచూ ఒప్పుకోదు. వాటికి మాత్రం ఆ గుండ్రటి ‘ఏవీ ఇన్’ పనికొస్తుంది. అందులో పెట్టాల్సింది మూడు నల్లగీతలున్న 3.5 మి.మీ. జాక్. టీవీతో పాటు వచ్చిన వైరు ఉంటే అదే వాడండి. బయట కొన్నదాంట్లో వరస వేరుగా ఉండొచ్చు. బొమ్మ రాకపోతే కన్సోల్ పసుపు పిన్నును ఆ వైరు ఎరుపు సాకెట్లో పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: పీఎస్5లో 120 హెర్ట్జ్ (సెకనుకు 120 బొమ్మలు) పెట్టగానే టీవీ రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తోంది. బంగారు పూత ‘8కె’ కేబుల్ కొనమన్నాడు షాపతను. కొనాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే వద్దు. కన్సోల్ పెట్టెలో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబులే ‘అల్ట్రా హై స్పీడ్’ రకం, సెకనుకు 48 గిగాబిట్లు మోయగలది. అది అల్మారాలో ఉండి, పాత సెట్‌టాప్ బాక్సు వైరు వాడుతున్నారేమో ముందు చూసుకోండి. 4కె 60 హెర్ట్జ్‌కే దాదాపు 18 గిగాబిట్లు కావాలి. 120 దగ్గర పాత వైరు చేతులెత్తేస్తుంది.

హెచ్‌డీఎంఐలో వైరు బాగాలేకపోతే రంగులు వెలిసిపోవు, బొమ్మ మసకబారదు. తెల్లటి మెరుపు చుక్కలు పడతాయి, లేదా మీకు జరిగినట్టు లంకె తెగి మళ్లీ కలుస్తుంది. బంగారు పూత తుప్పు పట్టకుండా ఉండటానికే. దానితో బొమ్మ మెరవదు.

వైరు సరైనదే అయితే టీవీ వెనక చూడండి. చాలా టీవీల్లో ఒకటో రెండో సాకెట్లే 4కె 120 తీసుకుంటాయి. సాకెట్ పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. తర్వాత టీవీ సెట్టింగ్: శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, సోనీలో ‘హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్’. ఇది ఆ సాకెట్‌కి ఆన్ కావాలి. మధ్యలో సౌండ్‌బార్ ఉంటే తీసేసి కన్సోల్‌ను నేరుగా టీవీకి కలపండి, సౌండ్‌బార్‌ను టీవీ సౌండును బయటికి పంపే ఈఆర్క్ సాకెట్‌కి మార్చండి.

ఇన్ని చేసినా నల్లబడుతోందా? పీఎస్5 వీడియో అవుట్‌పుట్ మెనూలో ‘4కె వీడియో ట్రాన్స్‌ఫర్ రేట్’ను ఆటోమేటిక్ నుంచి –1కి తగ్గించి ఒక గంట ఆడండి. ఆగిపోతే అనుమానించాల్సింది వైరునే. అప్పుడు కొనండి, ‘8కె’ అన్న అక్షరాలు చూసి కాదు, ప్యాకెట్ మీద ‘అల్ట్రా హై స్పీడ్’ స్కాన్ లేబుల్ చూసి. 2 మీటర్లు చాలు. పొడవు పెరిగేకొద్దీ ఇబ్బందే.

ప్రశ్న: హాస్టల్లో పాత కంప్యూటర్ మానిటర్ ఉంది. వీజీఏ, డీవీఐ మాత్రమే ఉన్నాయి. పీఎస్4 ఆడగలమా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: డీవీఐ వైపు వెళ్లండి. హెచ్‌డీఎంఐ బొమ్మ, డీవీఐ–డీ (డీవీఐలో డిజిటల్ రకం) బొమ్మ ఒకే సిగ్నల్, మామూలు వైరు చాలు. సౌండు మాత్రం రాదు. ఇయర్‌ఫోన్లు కంట్రోలర్ జాక్‌లో పెట్టుకుని సెట్టింగ్స్‌లో ‘ఆల్ ఆడియో’ ఎంచుకోండి. మానిటర్ మరీ పాతదై కాపీ రక్షణ తెలియనిదైతే తెర నల్లగా ఉంటుంది. అలాంటప్పుడు ముందు ఎవరిదైనా టీవీకి కలిపి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘ఎనేబుల్ హెచ్‌డీసీపీ’ (ఆ కాపీ రక్షణే) తీసేసి తెచ్చుకోండి. సినిమా యాప్‌లు ఆగిపోతాయి, గేములు ఆడతాయి.

వీజీఏకి ఉత్త వైరు పనికిరాదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. రెండు కొసల్లో పిన్నులు తప్ప ఏమీ లేని హెచ్‌డీఎంఐ–వీజీఏ వైరు అమ్మితే డబ్బు దండగ. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ దొరికితే ఇంకో చిక్కు: మామూలుగా అమ్మే డిస్‌ప్లేపోర్ట్–హెచ్‌డీఎంఐ వైర్లు కంప్యూటర్ నుంచి టీవీకి వెళ్లేవి. తిరగేసి పెడితే పనిచేయవు.

ప్రశ్న: నింటెండో స్విచ్ 2కి పాత స్విచ్ హెచ్‌డీఎంఐ కేబుల్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: బొమ్మ వస్తుంది. కానీ డాక్ (టీవీకి కలిపే స్టాండు) నుంచి 4కె, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపే బొమ్మ) కావాలంటే కొత్త పెట్టెలో వచ్చినదే పెట్టండి.

ప్రశ్న: ఇల్లు కడుతున్నాం. ప్రొజెక్టర్‌కి 12 మీటర్ల దూరం. గోడలో హెచ్‌డీఎంఐ వేయించేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 12 మీటర్లకు రాగి వైరు నమ్మకండి, కాంతితో సిగ్నల్ పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిక్కు ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన కొస కన్సోల్‌కి, ‘డిస్‌ప్లే’ కొస ప్రొజెక్టర్‌కి. పైపులోకి లాగకముందే నేల మీద పరిచి, ప్రొజెక్టర్‌తో ఆడించి చూడండి. వైరింగ్ వాళ్లు వాడే ముప్పావు అంగుళం పైపులో ప్లగ్ దూరదు. అంగుళం పైపులో దూరినా మొదటి వంపులో ఇరుక్కుంటుంది. అంతకంటే పెద్ద పైపు, లాంగ్ బెండ్లు వేయించి, లోపల ఒక లాగుడు తీగ ఖాళీగా వదిలిపెట్టమనండి. రేపు కేబుల్ చెడితే గోడ పగలగొట్టక్కర్లేదు.

ప్రశ్న: హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు వేళ్లకు జివ్వుమంటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎర్త్ అందని టీవీ, కన్సోల్ లోహపు భాగాల మీద కొద్దిగా లీకేజీ కరెంటు నిలుస్తుంది, జివ్వుమనేది అదే. అది మీకంటే ముందు హెచ్‌డీఎంఐ చిప్‌ని తినేయొచ్చు. అందుకని రెండు ప్లగ్గులూ గోడ నుంచి పీకి, డిష్ లేదా కేబుల్ టీవీ వైరు కూడా తీసి, హెచ్‌డీఎంఐ గుచ్చాక కరెంటు ఇవ్వండి. జివ్వుమనడం గట్టిగా ఉంటే వాడకం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ ఎర్తింగ్ చూపించండి.