వంతు కోసం పడిగాపులు లేని పుట్టినరోజు

ప్రశ్న: మా అబ్బాయికి వచ్చే నెలలో తొమ్మిదేళ్లు నిండుతాయి. ఈసారి పుట్టినరోజు వీడియో గేమ్‌ల తరహాలో జరపాలని పట్టుబడుతున్నాడు. బయట ఆడుకునే వీలు లేదు కాబట్టి అంతా మా హాల్లోనే జరగాలి. వాడితో కలిపి పన్నెండు మంది పిల్లలు, ఒక టీవీ, దానికి తగిలించి ఆడే నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ ఒకటి. మూడు గంటలూ పిల్లలు టీవీకి అతుక్కుపోతారని నా భయం, టీవీ ఆపేస్తే ఇక వేడుకేముందని వాడి భయం. ఏర్పాట్లు ఎలా చేసుకోమంటారు?

సమాధానం: మీ ఇద్దరి భయాల కంటే పెద్దది మూడోది ఒకటి ఉంది. మారియో కార్ట్ 8 డీలక్స్ లాంటి బండ్ల పందేల ఆటను ఒకే టీవీ మీద, తెరను పంచుకుని, ఒకసారికి నలుగురే ఆడగలరు. మూడు చుట్ల పందెం రెండు మూడు నిమిషాల్లో ముగిసినా, బొమ్మను, బండిని, దారిని ఎంచుకోవడానికి పిల్లలు మరో రెండు నిమిషాలు తీసుకుంటారు. అంటే ఐదు నిమిషాలు ఆడిన పిల్లవాడు మళ్లీ తన వంతు కోసం పది నిమిషాలు పడిగాపులు పడాలి. తొమ్మిదేళ్ల వయసులో పది నిమిషాలు ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. సోఫా మీది నుంచి దూకుతారు, ఆడేవాడి చెవి దగ్గర సలహాలు అరుస్తారు, చివరికి కంట్రోలర్ లాక్కుంటారు. ఇలాంటి వేడుకల్లో నేను చూసిన పేచీల్లో ఎక్కువ భాగం ఆట వల్ల వచ్చినవి కావు, ఎదురుచూపు వల్ల వచ్చినవే. గెలిచినవాడు ఆడుతూనే ఉండాలి, ఓడినవాడు లేచిపోవాలి అన్న పద్ధతి అంతకంటే చేటు, ఎందుకంటే ఇంట్లో అదే ఆట ఉన్న ఇద్దరు ముగ్గురు గంటసేపు కదలరు, ఆ ఆటను మొదటిసారి చూస్తున్న పిల్ల మాత్రం ఒక్క పందెంతోనే ప్రేక్షకురాలైపోతుంది.

అందుచేత పిల్లలను నలుగురేసి మూడు జట్లు చేసి, హాల్లో మూడు చోట్ల మూడు ఆటలు ఏకకాలంలో నడపండి. ఒక చోట టీవీ ఉంటుంది, మిగిలిన రెండు చోట్లా వీడియో గేమ్‌లనే తెర బయటకు తెచ్చి ఆడిస్తారు. మూడు పందేలు పూర్తి కాగానే జట్లన్నీ పక్క చోటికి మారతాయి. మూడు మార్పులు జరిగేసరికి ముప్పావుగంట గడుస్తుంది, అందులో ఒక్కో బిడ్డ టీవీ ముందు గడిపేది పావుగంట. ఇదే వరుసను మరోసారి తిప్పినా అరగంట దాటదు. మీ భయమూ తీరుతుంది, వాడి భయమూ తీరుతుంది. వంతులను గడియారంతో కాకుండా పందేలతో కొలవండి. ‘పదిహేను నిమిషాలైంది, ఆపండి’ అంటే మారాం చేసే పిల్లవాడే, ‘ఇది చివరి పందెం’ అని ముందే చెబితే దాన్ని పూర్తి చేసి తనంతట తానే లేస్తాడు.

తెర బయట ఆడించడానికి నాకు అన్నిటికంటే నచ్చినది టెట్రిస్. పైనుంచి పడే ముక్కలను ఖాళీ లేకుండా పేర్చే ఈ ఆటను 1984లో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించాడు. ఇందులో ముక్కలు ఏడే రకాలు, ప్రతి ముక్కలోనూ నాలుగే చదరాలు. చదరానికి పది సెంటీమీటర్ల చొప్పున దళసరి అట్ట మీద గీసి, కత్తిరించి, ఒక్కో రకానికి ఒక్కో రంగు వేస్తే సరిపోతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏడు ముక్కలకు మొత్తం ఇరవై ఎనిమిది చదరాలు కదా, వాటిని నాలుగు వరుసలు, ఏడు నిలువుల దీర్ఘచతురస్రంగా పేర్చమందామని ఎవరికైనా అనిపిస్తుంది. అది ఎంత తెలివైనవారికీ సాధ్యం కాదు. ఆ దీర్ఘచతురస్రానికి చదరంగం బల్లలాగా నలుపు తెలుపులు వేసి చూడండి, పద్నాలుగు నల్లవి, పద్నాలుగు తెల్లవి వస్తాయి. ఆరు రకాల ముక్కలు ఎలా పెట్టినా రెండు నల్లవి, రెండు తెల్లవి కప్పుతాయి. ‘టీ’ ఆకారపు ముక్క ఒక్కటే ఒక రంగువి మూడు, రెండో రంగుది ఒకటి కప్పుతుంది. లెక్క ఎన్నటికీ సరిపోదు. కాబట్టి ప్రతి రకంలోనూ రెండేసి ముక్కలు, మొత్తం పద్నాలుగు చేయండి. వాటితో ఏడు చదరాల వెడల్పు, ఎనిమిది చదరాల పొడవు గల చట్రాన్ని ఖాళీ లేకుండా నింపవచ్చు. నేల మీద డెబ్బై సెంటీమీటర్లు, ఎనభై సెంటీమీటర్ల కొలతలతో టేపు అంటిస్తే అదే చట్రం. ముక్కలను తిప్పవచ్చు గాని బోర్లించకూడదని ముందే చెప్పండి. మొత్తం నిండకపోయినా, తక్కువ ఖాళీలు మిగిల్చిన జట్టుకు ఎక్కువ మార్కులు వేస్తే ఎవరూ మూతి ముడుచుకోరు.

మూడో చోట ప్యాక్-మ్యాన్ ఆడించండి. దయ్యాలకు చిక్కకుండా చుక్కలు ఏరుకునే 1980 నాటి ఈ ఆటకు పరుగెత్తడమే ప్రాణం, కాని హాల్లో పరుగులు పెట్టనిస్తే టీపాయ్ అంచులకు మోకాళ్లు తగులుతాయి. నేల మీద మాస్కింగ్ టేపుతో మలుపుల దారి వేయండి (అంటించేటప్పుడే ఒక మూల కొంచెం పీకి చూస్తే నేల పాలిష్ లేచివస్తుందో లేదో తెలుస్తుంది). ఆ గీత మీద ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ మాత్రమే నడవాలని నియమం పెట్టండి. దారి పొడవునా చిన్న కాగితపు చుక్కలు, నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలు పెట్టాలి. ఒకరు చుక్కలు ఏరుతుంటే మిగిలిన ముగ్గురు దయ్యాలై తరుముతారు. అసలు ఆటలో దయ్యాలు నాలుగు, ఎరుపు, గులాబీ, లేత నీలం, నారింజ రంగుల్లో ఉంటాయి. ఆ నాలుగో రంగు రిబ్బను మీరే కట్టుకుంటే మరీ మంచిది. పెద్ద చుక్క దొరకగానే తరిమేవాళ్లు పారిపోయేవాళ్లవుతారు, ఆ క్షణంలో వచ్చే కేకలకు పక్కింటివాళ్లను ముందుగానే సిద్ధం చేసి ఉంచండి.

అలంకరణ మీద ఎక్కువ శ్రమ అక్కర్లేదు. పాత వీడియో గేమ్ బొమ్మలన్నీ చదరాలతో చేసినవే కాబట్టి, వెనుక జిగురు ఉండే చతురస్రపు చీటీలతో వాటిని గోడ మీదే దింపవచ్చు. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో ఎండ్రకాయను పోలిన గ్రహాంతరజీవి కేవలం పదకొండు చదరాల వెడల్పు, ఎనిమిది చదరాల ఎత్తు ఉంటుంది, అందులో నింపాల్సినవి 46 చదరాలే. మామూలుగా దొరికే 76 మిల్లీమీటర్ల చీటీలతో అంటిస్తే గోడ మీద 84 సెంటీమీటర్ల వెడల్పున నిలబడుతుంది. దీన్ని మీ అబ్బాయి చేతే చేయించండి, ముందు రోజు సాయంత్రం వాడికి అదే పని.

ఆ రాత్రే మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆటలకు వచ్చిన అప్‌డేట్లను దించుకోండి, లేకపోతే అతిథులంతా చేరాక టీవీ మీద శాతాల లెక్క చూస్తూ కూర్చోవలసి వస్తుంది. కంట్రోలర్లను పూర్తిగా ఛార్జ్ చేయండి. స్విచ్ చిన్న కంట్రోలర్లైన జాయ్-కాన్‌ల జత ఒకటి ఉంటే విడదీసి అడ్డంగా పట్టుకుని ఇద్దరు ఆడవచ్చు, నలుగురికి రెండు జతలు కావాలి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే, బటన్ నొక్కడానికీ తెర మీద బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. మారియో కార్ట్‌లో స్మార్ట్ స్టీరింగ్ అనే సదుపాయం ఉంది, కొత్తగా ఆడే పిల్లల బండి దారి తప్పి పడిపోకుండా అది కాపాడుతుంది. దాన్ని ఎవరికి పెట్టారో మాత్రం పైకి చెప్పకండి. తినుబండారాలను టీవీ ఉన్న చోటికి రానివ్వకండి, జిడ్డు చేతుల్లో కంట్రోలర్ నిలవదు. తెర ఆటంతా కేకు కోయకముందే పూర్తి కావాలి. కేకు తర్వాత టీవీ పెట్టిన ఇళ్లలో అతిథులను ఇంటికి పంపడమే ఒక లెవెల్ అవుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఇలాంటి వేడుకకే మా మరిది గదిని చీకటి చేసి, మిణుకుమిణుకుమనే రంగుల దీపాలు పెడదామంటున్నాడు. వీడియో గేమ్‌లు ఆడించే ఆర్కేడ్‌లాగా ఉంటుందట. పిల్లల్లో అయిదేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు ఉన్నారు. మంచిదేనా?

సమాధానం: నిలకడగా వెలిగే రంగు దీపాలు ఎన్నయినా పెట్టుకోండి, వేగంగా ఆరుతూ వెలిగేవి మాత్రం వద్దు. కాంతి వేగంగా మినుకుమంటే మూర్ఛ వచ్చే స్వభావం కొందరిలో ఉంటుంది, అది పెద్దల్లో కంటే పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో ఎక్కువ. సెకనుకు మూడు నుంచి ముప్పై సార్ల వరకు మినుకుమనే కాంతి దీనికి సాధారణంగా కారణమవుతుంది. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక పిల్లల కార్టూన్ ధారావాహికలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారుతూ వచ్చిన దృశ్యం చూసి ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో చాలామందికి అంతకుముందు అలాంటి జబ్బు ఉన్నట్టే తెలియదు. వీడియో గేమ్ మొదలుపెట్టగానే వచ్చే ఆరోగ్య హెచ్చరికలోనూ ఈ సంగతే ఉంటుంది, మనమే చదవకుండా దాటిస్తాం. గదిని పూర్తిగా చీకటి చేయకుండా టీవీ వెనుక ఒక దీపం వెలగనివ్వండి, పిల్లలను తెరకు దూరంగా కూర్చోబెట్టండి. పిలిచేటప్పుడే తల్లిదండ్రులను ఈ విషయం ఒకసారి అడగండి.

వయసుల తేడా గురించి మీరు అడగలేదు గాని, దీపాల కంటే నాకు అదే ముఖ్యమనిపిస్తోంది. ఆట పెట్టె మీద 3, 7, 12, 16, 18 అని ఉండే యూరప్ గుర్తులు ఆట ఎంత కష్టమో చెప్పేవి కావు, అందులోని హింస, భయం, భాష ఏ వయసు వారికి తగినవో చెప్పేవి. మూడు అని ఉన్న ఆట అయిదేళ్ల బిడ్డకు ఆడరానంత కష్టంగా ఉండవచ్చు. హాల్లో అందరికీ కనిపించే తెర ఒక్కటే అయినప్పుడు, వచ్చినవారిలో అందరికంటే చిన్న బిడ్డ వయసును బట్టే ఆటను ఎంచుకోవాలి. పన్నెండేళ్లవాడు తన ఆట తెస్తానంటే ఇంకోరోజు రమ్మనండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఉన్నప్పుడు బుడగలను పెద్దలే ఊదాలి, పగిలిన ముక్కలను వెంటనే ఏరివేయాలి, ఎందుకంటే ఆ రబ్బరు ముక్క గొంతులో చిక్కుకుంటే తీయడం చాలా కష్టం. వెలిగే బొమ్మలు బహుమతిగా ఇస్తుంటే, వాటిలోని బిళ్ల బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: పోయిన ఏడాది పుట్టినరోజుకు వచ్చిన పిల్లలు మా అమ్మాయి నెలల తరబడి మైన్‌క్రాఫ్ట్‌లో (ఇటుకలు పేర్చి కట్టుకునే వీడియో గేమ్) కట్టుకున్న కోటను అరగంటలో కూల్చేశారు. ఆ రోజంతా ఏడ్చింది. ఈసారీ అదే ఆట కావాలంటోంది. వద్దనమంటారా?

సమాధానం: వద్దనకండి, ఆమె కోటలోకి మాత్రం ఎవరినీ రానివ్వకండి. కన్సోల్‌లో ఆమె లోకాన్ని ముందుగా కాపీ తీసి పెట్టండి, అంతకంటే మేలు ఏమిటంటే అతిథుల కోసం కొత్త లోకమే తెరవండి. క్రియేటివ్ పద్ధతి ఎంచుకుంటే ఇటుకలకు కొదవ ఉండదు, పీస్‌ఫుల్ అన్న స్థాయి పెడితే రాక్షసులు మీదపడవు, నేలంతా చదునుగా ఉండే లోకాన్ని ఎంచుకుంటే కొండలు తవ్వే పని ఉండదు. ఇంటర్నెట్ ద్వారా బయటివాళ్లు చేరే దారిని మూసివేయండి. ఊరికే ఆడుకోమని వదిలేస్తే పిల్లలు మొదట చేసేది పక్కవాడు కట్టినదాన్ని కూల్చడమే కాబట్టి, నలుగురికీ కలిపి ఒకే పని అప్పగించండి. పుట్టినరోజు పిల్లకు ఇల్లు కట్టడం, అందులో ఒక్కొక్కరికి ఒక్కో గది. తర్వాతి జట్టు మొదటి జట్టు వదిలిన చోటి నుంచి కొనసాగిస్తుంది. అందరూ వెళ్లాక ఆ ఇంటిని ఆమెతో కలిసి ఒకసారి తిరిగి చూడండి. కిటికీలు లేని గది ఒకటి, పైకప్పు మరచిన గది ఒకటి తప్పకుండా ఉంటాయి. దాన్ని ఉంచాలో చెరిపేయాలో ఆమెనే అడగండి.