కొత్త కెర్నల్ వేసినా నడుస్తున్నది పాతదే

ప్రశ్న: నా దగ్గర రాస్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) ఉంది, దాని లినక్స్ సిస్టమ్‌లో బుక్‌వార్మ్ అనే వెర్షన్ వాడుతున్నాను. మొన్న ఫుల్-అప్‌గ్రేడ్ చేసి, పాత ప్యాకేజీలు ఎందుకులే అని ఆటోరిమూవ్ కూడా కొట్టి రీబూట్ చేశాను. అప్పట్నుంచి వైఫై కనిపించడం లేదు, కేబుల్ పెడితే నెట్ వస్తోంది. నడుస్తున్న కెర్నల్ (సిస్టమ్‌కి గుండె లాంటి ప్రోగ్రామ్) ఏదో చెప్పే యూనేమ్ -ఆర్ కొడితే పాత వెర్షనే చూపిస్తోంది, ప్యాకేజీల జాబితాలో మాత్రం కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ అయినట్టే ఉంది. కొన్ని నెలల కిందట సిస్టమ్ మొత్తాన్ని పెద్ద కార్డులోకి మార్చాను. అప్పుడు బూట్ మధ్యలో ఆగిపోతుంటే ఎఫ్‌స్టాబ్‌లో (కార్డులోని ఏ భాగాన్ని, అంటే ఏ పార్టిషన్‌ను, ఏ ఫోల్డర్‌కి తగిలించాలో రాసుండే ఫైలు) ఒక లైన్ పనిచేయకుండా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? మళ్లీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

జవాబు: ఇన్‌స్టాల్ అక్కర్లేదు, టెన్షన్ పడకండి, మీ డేటా ఎక్కడికీ పోలేదు. ఎఫ్‌స్టాబ్ సంగతి చెప్పి మంచి పని చేశారు, తప్పు అక్కడే జరిగింది.

ఈ బోర్డు ఆన్ చేయగానే ముందు నడిచేది లినక్స్ కాదు, బోర్డును లేపే ఫర్మ్‌వేర్ ప్రోగ్రామ్. కార్డులో మొదట ఉండే చిన్న ఫ్యాట్ పార్టిషన్‌లోకి వెళ్లి, కెర్నల్8.ఐఎంజీ అనే ఫైలును మెమరీలోకి ఎక్కించేది అదే. మీ సిస్టమ్ ఉన్న పెద్ద పార్టిషన్‌లో ఎంత కొత్త కెర్నల్ ఉన్నా దాని కంటికి ఆనదు. డ్రైవర్ల మాడ్యూళ్లు (కెర్నల్ అవసరమైనప్పుడు ఎక్కించుకునే విడి ఫైళ్లు) మాత్రం ఆ పెద్ద పార్టిషన్‌లోనే, /లిబ్/మాడ్యూల్స్ కింద, ఒక్కో వెర్షన్ పేరుతో ఒక్కో ఫోల్డర్‌లో ఉంటాయి. నడుస్తున్న కెర్నల్ అచ్చంగా తన పేరున్న ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది, అక్షరం తేడా వచ్చినా పక్క ఫోల్డర్ జోలికి పోదు. అంటే ఒకే జంటలో సగం ఒక పార్టిషన్‌లో, సగం ఇంకో పార్టిషన్‌లో ఉన్నాయన్నమాట, అప్‌డేట్ అయినప్పుడు రెండూ కలిసి మారాలి. నేను చూసినంతలో ఇలాంటి బోర్డుల మీద కెర్నల్ అప్‌డేట్ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ జంట విడిపోవడమే.

కార్డు మార్చినప్పుడు పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు మారాయి. ఎఫ్‌స్టాబ్‌లో పాత సంఖ్యే ఉండటంతో బూట్ పార్టిషన్ దొరక్క సిస్టమ్ ఆగింది, మీరు ఆ లైన్‌ను మూసేశారు. అప్పటికి బోర్డు లేచింది కాబట్టి అంతా బాగున్నట్టే అనిపించి ఉంటుంది. కానీ ఆ రోజు నుంచి /బూట్/ఫర్మ్‌వేర్ అనేది వట్టి ఫోల్డరే, అసలు పార్టిషన్ దానికి తగిలించి (మౌంట్ చేసి) లేదు. అప్‌డేట్‌లో కొత్త మాడ్యూళ్లు సరైన చోటికే వచ్చాయి, కొత్త కెర్నల్ ఫైలు మాత్రం ఫ్యాట్ పార్టిషన్‌కి చేరలేదు. పైగా ఆటోరిమూవ్ పాత మాడ్యూళ్లను తీసేసినట్టుంది. పాత కెర్నల్ లేచి చూసుకుంటే తన ఫోల్డరే లేదు. ఈథర్నెట్ డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసి ఉంది కాబట్టి కేబుల్ పనిచేస్తోంది, వైఫై డ్రైవర్ మాడ్యూలుగా ఉంటుంది కాబట్టి పోయింది.

ఇలా సరిచేయండి. పార్టిషన్ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి, కార్డులో మొదటి పార్టిషన్ ఎక్కడా మౌంట్ అయి లేదని నిర్ధారించుకోండి. /బూట్/ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఏమైనా ఫైళ్లు పడి ఉంటే పక్కకు జరపండి, ఎందుకంటే పైన పార్టిషన్ మౌంట్ చేశాక అవి కనపడకుండా అడుగున ఉండిపోతాయి. తర్వాత బీఎల్‌కేఐడీ కొడితే చూపించే ఆ పార్టిషన్ పార్ట్‌యూయూఐడీని (పైన చెప్పిన గుర్తింపు సంఖ్య) ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైన్‌లో రాసి, హ్యాష్ తీసేసి, మౌంట్ -ఎ కొట్టండి. ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో కాన్ఫిగ్.టీఎక్స్‌టీ, సీఎండీలైన్.టీఎక్స్‌టీ కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి. కనిపిస్తే కెర్నల్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయండి. ఇక్కడ చాలామంది తడబడతారు: లినక్స్-ఇమేజ్-ఆర్‌పీఐ-వీ8 అనేది పేరుకే ప్యాకేజీ, అసలు ఫైళ్లు అందులో ఉండవు. వెర్షన్ సంఖ్యతో సహా పూర్తి పేరున్న ప్యాకేజీనే రీఇన్‌స్టాల్ చేయాలి, ఆ పేరు డీపీకేజీ -ఎల్ జాబితాలో దొరుకుతుంది. చివరగా కెర్నల్8.ఐఎంజీ తేదీ మారిందో లేదో కళ్లారా చూసుకున్నాకే రీబూట్ చేయండి. ఇక మీదట కొత్త కెర్నల్‌తో ఒకసారి లేచి, యూనేమ్ -ఆర్‌లో దాని వెర్షన్ చూసేదాకా ఆటోరిమూవ్ జోలికి వెళ్లొద్దు.

ప్రశ్న: అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తే నా బోర్డు తెర మీద ఏమీ రావడం లేదు, ఆకుపచ్చ లైటు ఏడుసార్లు వెలిగి ఆగుతోంది. కార్డు పాడైపోయిందా?

జవాబు: ఆ ఏడుసార్లకు అర్థం ఉంది, కెర్నల్ ఫైలు దొరకలేదని. నాలుగుసార్లయితే ఫర్మ్‌వేర్ ఫైలు స్టార్ట్.ఈఎల్ఎఫ్ దొరకలేదని. కార్డు పాడైందని దీన్నిబట్టి చెప్పలేం. దయచేసి ఫార్మాట్ మాత్రం చేయకండి! కార్డు తీసి ఇంకో కంప్యూటర్‌లో పెట్టండి, బూట్ పార్టిషన్ ఫ్యాట్ కాబట్టి ఎందులోనైనా తెరుచుకుంటుంది. అందులో ఖాళీ ఎంత మిగిలిందో చూడండి. పాత ఇమేజ్‌ల్లో ఆ పార్టిషన్ 256 ఎంబీ మాత్రమే, బుక్‌వార్మ్ నుంచి 512 ఎంబీ చేశారు. పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేసుకుంటూ వస్తే కెర్నళ్లు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లు (బూట్ మొదట్లో వాడే ఫైళ్లు) కలిసి నిండిపోయి, కాపీ సగంలో ఆగుతుంది. మీరు సొంతంగా పెట్టుకున్న బ్యాకప్ ఫైళ్లుంటే తీసేసి, పెద్ద పార్టిషన్‌లో మాడ్యూళ్లున్న వెర్షన్ కెర్నల్ ఫైలునే అక్కడ పెడితే బోర్డు లేస్తుంది. వెర్షన్ వేరైతే పై జవాబులో చెప్పిన చిక్కే మళ్లీ వస్తుంది.

ఖాళీ బాగానే ఉంటే పవర్ అడాప్టర్‌ని అనుమానించండి. వోల్టేజ్ 4.63 కంటే దిగితే బోర్డు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. లేచాక వీసీజెన్‌సీఎండీ గెట్_త్రాటిల్డ్ కొడితే 0ఎక్స్0 రావాలి. 0ఎక్స్50000 వచ్చిందంటే మీరు ఆన్ చేశాక ఎప్పుడో కరెంటు సరిపోలేదన్నట్టే, అలాంటి అడాప్టర్‌తో మళ్లీ అప్‌డేట్ చేయొద్దు.

ప్రశ్న: ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ నా యూఎస్‌బీ వైఫై డాంగిల్ పనిచేయడం మానేస్తుంది. ప్రతిసారీ డ్రైవర్ కంపైల్ చేసుకోవాల్సిందేనా?

జవాబు: చేతితో కంపైల్ చేసిన మాడ్యూల్ ఆ ఒక్క కెర్నల్‌కే పనికొస్తుంది. డ్రైవర్‌ని డీకేఎంఎస్ అనే సాధనంలో చేర్చి, కంపైల్‌కి కావలసిన లినక్స్-హెడర్స్-ఆర్‌పీఐ-వీ8 ప్యాకేజీ కూడా వేసి ఉంచండి, కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అదే కంపైల్ చేసుకుంటుంది. పై 5 అయితే వీ8 బదులు 2712 అని ఉండే హెడర్స్ వేయాలి. రీబూట్ చేసే ముందు డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి, కొత్త వెర్షన్ పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూసుకోండి. బోర్డు మీకు దూరంగా ఎక్కడో ఉండి, ఆ డాంగిల్ ఒక్కటే దానికి దారి అయితే ఈ ఒక్క చూపు అసలు మానొద్దు.