మార్కులు వేయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు డొమినికన్ రిపబ్లిక్ వెళ్లి సిగార్లు రుచి చూసి మార్కులు వేసే పనికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఆడపిల్లకి చుట్ట పనేమిటని తన బాధ. మన శ్రీకాకుళం ఇళ్లలో ఆడవాళ్లు కాల్చని చుట్టా? నా భయం వేరు, చివర్లో చెప్తాను. ముందు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. ఆకు పట్టుకుని గుణం చెప్పే చెయ్యి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను.

తెలిసినవే అయినా విను. కడుపునిండా తిని కూర్చో. పొగ లోపలికి పీల్చకు. మధ్యమధ్య మంచినీళ్లు తాగు, సెంటు రాసుకోకు. సిగార్లు ఉంచే పెట్టెలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండాలి.

ఇక అసలు సంగతి, కాల్చే వరస. ఇది బాగా పట్టించుకో.

అక్కడి శాంటియాగో నగరం పక్కన తంబోరిల్ అనే ఊరుంది, సందు సందునా చుట్టలు చుట్టే కొట్లే. సిగార్లు కొనడానికి మా బృందం అక్కడికి వెళ్లినప్పుడు, మా పెద్దాయన ఘాటైనవాటితోనే మొదలుపెట్టించాడు. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలి దళసరిగా పెరిగే ఆకుని అక్కడ లిహెరో అంటారు. నడిమి ఆకు సెకో, కింది ఆకు వొలాదో. లిహెరో నెమ్మదిగా కాలుతుంది, అందుకే చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా మధ్యలో పెడతారు. అలాంటివి పొద్దున్నే వరసగా కాల్చేసరికి మా నాలుకలు మొద్దుబారాయి, తలలు తిరిగాయి. అప్పుడు వచ్చింది ఒక చిన్న కొట్టువాళ్ల లేత రంగు సిగార్. నీడపందిరి కింద పెరిగిన కనెటికట్ అనే రకం ఆకు పైన చుట్టినది. "రుచీ పచీ లేదు, గడ్డి" అని రాసి పెద్దాయన కింది మార్కులు వేశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మర్నాడు టిఫిన్ అయ్యాక దాన్నే మొదట వెలిగించాం. వేయించిన జీడిపప్పు, వెన్న, సగం దాటాక సన్నటి మిరియపు ఘాటు. ఆ వారమంతటిలో అంత మంచిది మళ్లీ తగల్లేదు. కానీ మార్కుల జాబితా ముందురోజు సాయంత్రమే వెళ్లిపోయింది. దాన్ని మార్చమంటే పెద్దాయన మాట మీద నిలబడ్డాడు. ఆ కొట్టుకి ఆ ఏడాది ఆర్డరు పోయింది. చుట్టిన ముసలాయన గొడవ చేయలేదు. "దీనికి ముందు ఏది కాల్చారు?" అని ఒక్కమాట అడిగాడు. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

అందుకని తేలికైనదానితో మొదలుపెట్టి ఘాటైనదాని వైపు వెళ్లు. రోజుకి రెండు మించొద్దు, ఎవరు తొందరపెట్టినా సరే. సిగార్ మీద పేరుండే ఉంగరం కాగితాలు వేరే మనిషి చేత తీయించి అంకెలు వేయించు. వారం చివర మొదటిదాన్ని కొత్త అంకెతో మళ్లీ ఇప్పించుకో. రెండు మార్కులకీ పొంతన లేకపోతే ఆ వారం చీటీలన్నీ చింపెయ్యి.

పేరు కనిపిస్తే నాలుక అబద్ధం ఆడుతుంది తల్లీ. డొమినికన్ నేలలో సిగార్ మీద చుట్టే పై ఆకు పండదని ఒకప్పుడు అందరూ తేల్చేశారు. సిగార్లు చేసే ఫ్యుయెంతె కుటుంబం దాన్ని తమ తోటలో పండించి 1995లో ఓపస్ ఎక్స్ అనే సిగార్ తెచ్చింది. ఇప్పటికీ అక్కడి చాలా సిగార్లకి పై ఆకు ఈక్వెడార్ నుంచో కామెరూన్ నుంచో వస్తుంది. క్యూబావాళ్లు హవానా సిగార్లకి మాత్రం అంతా తమ ఆకే వాడతారు. కాబట్టి ఏ దేశానిదని కాక, చేతిలో ఉన్నదానికే మార్కు వెయ్యి. పొగ లాగడం, కాలే తీరు, రుచి, మూడూ విడివిడిగా రాయి. లాగడానికి బిగుసుకుంటే అది చాలాసార్లు చుట్టిన చేతి లోపం. ముక్కులో అమోనియా గుచ్చితే ఆకు ఇంకా మాగలేదని. మన గుంటూరు బ్యారన్లో, అదే పొగాకు ఎండబెట్టే వేడి కొట్టంలో, వారంలో ఆకు ఎండిపోతుంది కానీ, అక్కడ పాకల్లో గాలికి వారాల తరబడి వేలాడాలి. ఆ తర్వాత గుట్టలుగా పోసి మాగబెడతారు. అంత ఓపిక పట్టినవాళ్ల కష్టాన్ని ఒక్క అంకెతో కొట్టేసే ముందు రెండోది అడిగి కాల్చు.

హవానా వెళ్లాలనిపిస్తే వీధిలో చవగ్గా అమ్మే కోహిబాలు, అంటే అక్కడి పేరున్న ఖరీదైన సిగార్లు, కొనకు, గాజు మూత పెట్టె కనిపిస్తే అది నకిలీయే. అసలువైనా సరే, అమెరికాకి ఒక్కటి కూడా వెంట తేకు. 2020 సెప్టెంబరు నుంచి అక్కడ అనుమతి లేదు. అమెరికాలో వీసా మీద ఉన్న పిల్లవి, ఒక చుట్ట కోసం విమానాశ్రయంలో నిలబడొద్దు.

ఇప్పుడు నా భయం. మీ అమ్మమ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లగా లేచిన మచ్చని పొక్కు అనుకుంది, మేమూ అనుకున్నాం. పుండు అయ్యాక విశాఖపట్నం తీసుకెళ్లాం, అప్పటికే ఆలస్యం. నువ్వు పొగ మింగకపోయినా నోరు దాన్ని పీలుస్తుంది. ఒక పెద్ద సిగార్లో సిగరెట్ పెట్టెడంత పొగాకు ఉండొచ్చు. అలవాటు అవుతోందనిపించిన రోజున పని మానెయ్యి, నీ అద్దె నేను కడతాను. వెళ్లే ముందు పళ్ల డాక్టరు దగ్గర నోరంతా చూపించుకో, ఆరు నెలలకోసారి మళ్లీ చూపించుకో. ఆ కాగితం నాకు వాట్సాప్ చెయ్యి. అది వచ్చాక మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య