వయోమింగ్‌లో స్త్రీలకు ఓటు హక్కు అంత ముందుగా ఎలా వచ్చింది?

అమెరికా అంతటా స్త్రీలకు ఓటు హక్కు 1920లో దక్కితే, వయోమింగ్‌లో యాభై ఏళ్ల ముందే ఎలా సాధ్యమైందని అడిగారు. శాసనసభ్యుడు విలియం బ్రైట్ ప్రతిపాదించిన బిల్లుపై గవర్నర్ జాన్ క్యాంప్‌బెల్ 1869 డిసెంబరు 10న సంతకం చేశారు. అప్పటికి అది రాష్ట్రం కాదు, ఆడవాళ్లు చాలా తక్కువగా ఉన్న కొత్త టెరిటరీ (ఇంకా రాష్ట్ర హోదా రాని అమెరికా ప్రాంతం) కాబట్టి, కుటుంబాలను రప్పించుకోవాలన్న ఆశ కూడా ఆ నిర్ణయం వెనుక ఉంది. 1870 సెప్టెంబరు 6 ఉదయం అక్కడి లారమీ పట్టణంలో, పిండి పులియబెట్టే ఈస్ట్ కోసం చిన్న గిన్నె పట్టుకుని బయల్దేరిన వృద్ధురాలు లూయిజా స్వేన్, దారిలో ఆగి ఓటు వేశారు. నా దృష్టిలో అసలైన పరీక్ష 1871లో ఎదురైంది: శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేయబోతే క్యాంప్‌బెల్ వీటో చేశారు, దాన్ని తోసిపుచ్చడానికి ప్రత్యర్థులకు ఒక్క ఓటు తక్కువైంది. 1890లో వయోమింగ్ ఆ హక్కును నిలబెట్టుకునే రాష్ట్రమైంది.